అమ్మీ బురఖా, నా ఆర్‌ఎక్స్ 100

కొత్త మోటార్‌సైకిల్ కొన్న వారంలోపే దాన్ని మార్చాలనే శౌఖ్ మా బెజవాడ కుర్రాళ్లకు ఈనాటిది కాదు. కాకపోతే అబ్బా జమానాలో కొత్త బండికి ఏదో ఒకటి తగిలించేవారు. మా కాలానికి ఊడదీయడం మొదలైంది. ఈ ఫరక్ నాకు తెలిసొచ్చేలోపు మా అమ్మీ చెయ్యి విరిగింది.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. 1960ల మొదట్లో మైసూరు నుంచి జావా వచ్చింది. తర్వాత ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్. బండి కోసం పేరు రాయించుకుని ఎదురుచూసే రోజులవి. అంత ఇంతెజార్ చేసి తెచ్చుకున్నా, డెల్టా మనిషికి అది సగం బండే. కాలువ గట్ల మీద వానాకాలం రేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగనిచ్చేది కాదు. అందుకని మడ్‌గార్డును కాస్త పైకి లేపించేవారు. ముందు లెగ్ గార్డు, వెనక ఇనుప క్యారియర్, పాల క్యాన్లు వేలాడదీసేందుకు కొక్కేలు. ట్యాంకు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టేందుకు రెగ్జిన్ కవరు. మనవాళ్లయితే హెడ్‌లైటు మీద 786 రాయించి, కొండపల్లి షా బుఖారీ బాబా దర్గా దాకా వెళ్లి ఫాతెహా ఇప్పించాకే అసలు సవారీ మొదలు.

ఈ పనులు చేసిన చేతుల్లో మనవాళ్ల చేతులు చాలా ఉన్నాయి. 1960ల్లో ఆటోనగర్ వచ్చాక లారీల బాడీలు, ఇంజన్లు అటు వెళ్లాయి గానీ, రెండు చక్రాల మిస్త్రీలు వన్‌టౌన్ సందుల్లోనే ఎక్కువగా ఉండిపోయారు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ముస్లింలు ఎక్కువగా కనిపించే పనుల్లో మోటారు బళ్ల రిపేరును కూడా లెక్కలోకి తీసుకుంది. వించిపేటలో పెరిగిన నాకు అది చెప్పడానికి కమిటీ అక్కర్లేదు. బడి మానేసిన నా దోస్తుల్లో సగం మంది ఏదో ఒక ఉస్తాద్ దగ్గర శాగిర్దులే. మొదటి ఏడాది పానాలు కడగడం, చాయ్ తేవడం. ఇంజన్ ముట్టుకోనిచ్చేది ఆ తర్వాతే. తెలుగులో మనం రోజూ అనే ‘మరమ్మతు’ కూడా అరబ్బీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చిన మాటే. పని, మాట కలిసే వచ్చాయేమో అనిపిస్తుంది.

1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చి అందరి దిమాగ్ తిప్పేసింది. 98 సీసీ ఇంజన్, తేలికైన బండి. నేను 1993లో కొన్నాను. మూడో రోజే ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లి సైలెన్సర్ లోపలి గొట్టం పీకెయ్యమన్నాను. ఆయన నవ్వాడు.

“అరే బేటా, నాలుగు స్ట్రోకుల ఇంజన్‌కి దర్వాజాలున్నాయి, వాల్వులు. దీనికి లేవు. పొగ బయటికెళ్లి, ఆ సైలెన్సర్లో తగిలి వెనక్కి కొట్టే దెబ్బే దీనికి దర్వాజా. అది లేకపోతే తాజా పెట్రోలు కూడా పొగతో పాటే పోతుంది. ఆవాజ్ పెరుగుతుంది, తాకత్ తగ్గుతుంది.”

ఆయన చెయ్యనన్నాడు. ఇంకోచోట చేయించుకున్నాను. ఆయన చెప్పినట్టే అయింది. ఎత్తు మీద బండి లాగడం మానేసింది, వీధి మాత్రం దద్దరిల్లింది. అక్కడితో ఆగానా, అద్దాలు తీసేశాను. వెనక చక్రం పక్కనుండే సారీ గార్డు ఆడవాళ్ల సామానులా ఉందని అదీ విప్పేశాను.

ఆ గార్డు ముచ్చట మన ఇళ్లల్లో ఎవరూ చెప్పుకోరు. ఆడవాళ్లు ఎడమవైపు రెండు కాళ్లూ వేసి కూర్చునే దేశం కనుక అది ఎడమవైపే ఉంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది దీని గురించే: వెనక కూర్చునేవారికి పట్టుకునేందుకు పిడి, కాళ్లు పెట్టుకునేందుకు ఆధారం ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పాలి. పేరు సారీ గార్డు గానీ బురఖాకీ, దుపట్టాకీ అదే కాపలా.

బందరు రోడ్డులో ఒక షాదీకి అమ్మీని ఎక్కించుకుని బయల్దేరాను. కంకిపాడు దాటాక బురఖా అంచు పుల్లల్లో చుట్టుకుంది. ఒక్క కుదుపు. అద్దం లేదు గనుక వెనక్కి చూసుకోలేదు. ఆవాజ్ గనుక ఆమె అరుపూ వినలేదు. బండి బరువు తగ్గినట్టనిపించి ఆగాను. మణికట్టు విరిగింది. అల్లా రహమ్ చేశాడు, వెనక లారీ లేదు. ఆస్పత్రిలో ఆమె అడిగింది ఒక్కటే, “బండికేమైనా అయిందా బేటా?” అని.

ఉస్తాద్ నన్ను ఒక్క మాటనలేదు. గార్డు, సైలెన్సర్ గొట్టం తిరిగి బిగించి పైసలు తీసుకోలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు కానూన్ గట్టిదే. బండి స్వరూపం మార్చడం మీద 1988 చట్టంలో 52వ సెక్షన్ ఉంది. 2019 సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అయినా పిల్లలు యూట్యూబ్ చూసి విప్పుతూనే ఉన్నారు. మొన్న మా మేనల్లుడు కొత్త బుల్లెట్ కొన్నాడు. గార్డు విప్పి మంచం కింద పెట్టాడట, ఆపా ఫోన్లో చెప్పింది. జుమ్మా రోజు నమాజ్ అయ్యాక పానా పట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నాను.