ఇంధన పొదుపు భవన నియమావళి

ఇంధన పొదుపు భవన నియమావళి (ఈసీబీసీ) అనేది భారతదేశంలో కొత్తగా కట్టే పెద్ద వాణిజ్య భవనాలు కరెంటు వాడకంలో పాటించాల్సిన కనీస ప్రమాణాల సంపుటి. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం దీనికి మూలం. ఆ చట్టం కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) దీన్ని తయారు చేయగా, కేంద్రం 2007 మే 27న విడుదల చేసింది.

ఇలాంటి నియమాలకు 1973 చమురు సంక్షోభం పురుడు పోసింది. అమెరికాలో ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే 1975లో భవనాల ఇంధన ప్రమాణం వెలువరించింది. 1978లో కాలిఫోర్నియా ‘టైటిల్ 24’ పేరుతో భవన ఇంధన నియమాలు తెచ్చింది.

మన నియమావళి దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడదీసింది. హైదరాబాద్‌ది మిశ్రమ వాతావరణం. విశాఖ, విజయవాడలది ఉక్కపోత మండలం. గోడలు, అద్దాలు, ఏసీలు, దీపాల ప్రమాణాలన్నీ బాగానే రాశారు గానీ అమలు చేయించే బలం కేంద్రానికి లేదు. నిర్మాణ అనుమతులిచ్చేది పురపాలక సంఘాలు. రాష్ట్రాలు ముందుకొస్తే తప్ప నియమావళి కాగితం దాటదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో దాన్ని తప్పనిసరి చేసింది. అందుకు హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా (ఆస్కీ) తోడ్పడింది.

2017లో వచ్చిన సవరణ ప్రతి భవనాన్నీ మూడు మెట్లలో ఒకదాన్ని అందుకోమంది. మామూలు కట్టడంతో పోలిస్తే 25, 35, 50 శాతం పొదుపు.

ఇళ్ల వంతు 2018 డిసెంబరులో ‘ఎకో నివాస్ సంహిత’తో వచ్చింది. చలి ప్రాంతాలు మినహా మిగతా చోట్ల గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదు. పడమటి వైపు సన్‌షేడ్ లేకుండా పెద్ద అద్దాలు బిగిస్తే ఈ లెక్క కుదరడం కష్టం. పైకప్పుకు ఇంకా గట్టి పరీక్ష ఉంది: లోపలికీ బయటికీ డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లే దిగాలి. ఉత్త ఆర్సీసీ స్లాబు ఇందులో నెగ్గదు, ఇన్సులేషన్ వేయాల్సిందే.

2022 చట్టసవరణ పెద్ద నివాస భవనాలనూ పరిధిలోకి తెచ్చి, నియమావళి పేరులో ‘సుస్థిర’ అన్న మాట చేర్చింది.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దాని ప్రకారం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఎండ వేడిని తిప్పికొట్టే చల్లని పైకప్పు తప్పనిసరి. 600 చదరపు గజాల లోపు స్థలంలోని సొంత ఇళ్లకు మాత్రం ఐచ్ఛికం. స్లాబు వేడికి రాత్రుళ్లు నిద్రపట్టనిది ఎక్కువగా ఆ ఇళ్లలోనే కాబట్టి, ఇది పెద్ద లోటే.