ఓవర్‌నైట్ ఓట్స్: స్టవ్ వెలిగించకుండానే టిఫిన్ రెడీ.. విశాఖ ఉక్కపోతలో ఈ ఒక్క పొరపాటు మాత్రం చేయొద్దు!

వేసవిలో విశాఖ వాసుల్ని ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బయట 35 డిగ్రీలే ఉన్నా సముద్రం మీద నుంచి వచ్చే తేమ వల్ల ఒంటి మీద చెమట ఆరదు. అలాంటప్పుడు పొద్దున్నే స్టవ్ ముందు నిలబడాలంటే ఎవరికైనా విసుగే. ఉదయం 6 గంటల షిఫ్ట్‌కు వెళ్లేవాళ్లున్న ఇళ్లలో అయితే తెల్లారకముందే టిఫిన్ పని మొదలుపెట్టాలి. నైట్ డ్యూటీ దిగి వచ్చేవాళ్లకు ఇంట్లో వేడివేడి ఉప్మా ఉన్నా తినబుద్ధి కాదు.

అందుకే ఇప్పుడు చాలామంది ఓవర్‌నైట్ ఓట్స్ వైపు చూస్తున్నారు. రాత్రి పాలల్లో నానబెట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నే చల్లగా తినేయొచ్చు. పొయ్యితో పనే లేదు. కానీ ఇందులో వేసే పాలు, పెరుగు, కోసిన పండ్లు.. ఈ మూడూ వేడికి తొందరగా పాడయ్యేవే. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

చద్దన్నం లాంటిదే.. కానీ చద్దన్నం కాదు

రాత్రి నానబెట్టి పొద్దున్న తినడం మనకు కొత్తేం కాదు. చద్దన్నం, తరవాణి కుండ గురించి ఉత్తరాంధ్రలో ఏ పెద్దావిడను అడిగినా చెబుతారు. ఓట్స్ విషయానికొస్తే, 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌కు చెందిన డాక్టర్ మాక్సిమిలియన్ బిర్చర్ బెన్నర్ తన దగ్గరికొచ్చే రోగులకు నానబెట్టిన ఓట్స్‌లో తురిమిన యాపిల్, నిమ్మరసం కలిపి పెట్టేవారు. ఇప్పటి ఓవర్‌నైట్ ఓట్స్‌కు మూలం అదే.

అయితే రెండింటికీ పెద్ద తేడా ఉంది. చద్దన్నం, తరవాణి బయట ఉంచితే పులుస్తాయి. ఆ పులుపే వాటికి రుచి, కొంతవరకు రక్షణ కూడా. ఓట్స్‌లో పోసిన పాలు అలా కాదు. రాత్రంతా వంటగట్టు మీద ఉంచితే పులిసి మేలు చేయవు, చెడిపోతాయంతే. "చద్దన్నం బయటే పెడతాం కదా, ఇదీ అంతే" అనుకోవడమే ఆ పొరపాటు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఇలాంటి ఆహారాన్ని 2 గంటలకు మించి బయట ఉంచకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటే గడువు. మే నెల విశాఖలో చాలా ఇళ్ల వంటగదులు దాదాపు రోజంతా ఆ లెక్కలోకే వస్తాయి.

ఎలా చేయాలి?

ఒకరికి అరకప్పు, అంటే దాదాపు 40 గ్రాముల రోల్డ్ ఓట్స్ సరిపోతాయి. వీటిని ఫ్యాక్టరీలోనే ఆవిరి పట్టి అటుకుల్లా నొక్కుతారు కాబట్టి మళ్లీ ఉడికించక్కర్లేదు. ఇన్‌స్టంట్ ఓట్స్ అయితే పొద్దుటికి జావలా అయిపోతాయి. స్టీల్ కట్ ఓట్స్ గట్టిగా ఉంటాయి, ఒక్క రాత్రిలో సరిగ్గా నానవు. పేరు చూసి ఇదేదో ఉక్కునగరం సరుకు అనుకునేరు, గింజను స్టీల్ బ్లేడ్‌తో ముక్కలు చేస్తారని ఆ పేరు వచ్చింది!

ఓట్స్‌లో అరకప్పు చల్లటి పాలు, పావు కప్పు తియ్యటి పెరుగు కలపాలి. విడిపాలైతే తప్పనిసరిగా కాచి, పూర్తిగా చల్లార్చాకే పోయాలి. గోరువెచ్చగా ఉండగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో తోసేస్తే లోపల చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. విడిగా నానబెట్టిన సబ్జా గింజలు ఒక చెంచా వేస్తే చిక్కగా వస్తుంది. తీపికి రెండు ఖర్జూరాలు చాలు, బెల్లం తురుమైనా ఫర్వాలేదు. మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్ లోపలి అరలో ఉంచండి. డోర్ తీసిన ప్రతిసారీ వేడిగాలి తగిలేది డోర్ అరలకే, కాబట్టి అక్కడ వద్దు. కనీసం 6 గంటలు నానాలి. మర్నాటికల్లా తినేయడం మంచిది.

ఏ పండు ఎప్పుడు వేయాలి?

అసలు రుచంతా ఇక్కడే ఉంది. విశాఖ, శ్రీకాకుళం వైపు దొరికే సువర్ణరేఖ మామిడి ముక్కలు రాత్రే వేసినా బాగుంటాయి, బంగినపల్లీ అంతే. రసాలు ముక్కలుగా కోస్తే పీచు అడ్డం పడుతుంది, వాటిని పిండి రసం కలిపితే బాగుంటుంది. దానిమ్మ గింజలు రాత్రి వేసినా ఇబ్బంది లేదు.

అనాసతో మాత్రం జాగ్రత్త. మన్యం నుంచి వచ్చే అనాస ఎంత తియ్యగా ఉన్నా, రాత్రే పాలల్లో వేస్తే పొద్దుటికి మొత్తం చేదెక్కుతుంది. అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాలల్లోని ప్రొటీన్‌ను విడగొట్టడమే కారణం. పాలు పాడయ్యాయేమో అని కొందరు పారేస్తుంటారు కూడా. కివీ, బొప్పాయితోనూ ఇదే సమస్య. వీటిని తినే ముందే కలపాలి. పుచ్చకాయ నీరు వదిలేస్తుంది, అరటిపండు నల్లబడుతుంది కాబట్టి అవీ పొద్దున్నే. తాటి ముంజలు అప్పటికప్పుడు ఒలిచి వేస్తే ఆ చలవే వేరు. పనస తొనలు వేయొచ్చు కానీ.. ఫ్రిజ్ మొత్తం వాసనొస్తుంది, తర్వాత మీ ఇష్టం.

డ్యూటీకి పట్టుకెళ్లొచ్చా?

ఇంట్లో తిని బయల్దేరడమే మంచిది. మధురవాడలో ఎక్కి గాజువాకలో దిగేసరికే గంట దాటిపోతుంది. మామూలు డబ్బాలో పెట్టుకుని, స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ బ్లాస్ట్ ఫర్నేస్‌ల దగ్గరో, పోర్టు బెర్తుల మీదో 10 గంటలకు తిందామనుకుంటే కుదరదు. తప్పదంటే ఐస్ నీళ్లతో ముందే చల్లబరిచిన ఫ్లాస్క్‌లో పెట్టి, ఫ్యాక్టరీకి చేరగానే తినేయాలి. చెమట ఎక్కువ పట్టే పని చేసేవాళ్లకు ఓట్స్ ఒక్కటే చాలదు. ఉప్పు వేసిన మజ్జిగ విడిగా తాగాల్సిందే.

వేసవిలో ఈదురుగాలులొస్తే సాయంత్రాలు కరెంటు పోవడం ఇక్కడ మామూలే. డోర్ తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. అంతకు మించి కరెంటు రాకపోతే రుచి చూసి తేల్చుకుందామని ప్రయత్నించొద్దు, పారేయండి. కొన్ని రకాల బ్యాక్టీరియా చేరినా వాసన, రుచి మారవు.

షుగర్ ఉంటే..

ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. రోజుకు 3 గ్రాములు తీసుకుంటే గుండె జబ్బుల ముప్పు తగ్గడానికి సాయపడవచ్చని చెప్పుకోవడానికి 1997లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. అలాగని ఓట్స్ ఉన్నాయి కదా అని రెండు మామిడిపండ్లు, పైన తేనె పోసుకుంటే షుగర్ పెరగక మానదు. నాలుగైదు చిన్న ముక్కలతో సరిపెట్టుకోవాలి. ఫ్లేవర్డ్ ప్యాకెట్లు కొనేముందు వెనక చక్కెర ఎంత ఉందో చూడండి. ఏడాదిలోపు పిల్లలకు పెట్టేదైతే తేనె అస్సలు కలపకూడదు.

ఓట్స్ ధర ఎక్కువనిపిస్తే, ఫ్రిజ్ లేకపోతే దళసరి అటుకులున్నాయిగా! కడిగి పెరుగులో పావుగంట నాననిచ్చి, పైన మామిడి ముక్కలు వేసుకుంటే చాలు. దీనికీ స్టవ్ అక్కర్లేదు. రాత్రే కాకుండా తినే ముందు కలుపుకుంటారు కాబట్టి పాడవుతుందన్న బెంగ కూడా ఉండదు.