ఆగినవాళ్లే మిగిలారు

1838లో లూయీ డాగేర్ పారిస్‌లోని బుల్వార్ ద్యు తాంప్ల్ వీధిని మేడ మీది నుంచి ఫొటో తీశాడు. బండ్లూ మనుషులూ కిక్కిరిసి తిరిగే ఆ వీధి, వెండి పూత పూసిన రాగి రేకు మీద నిర్మానుష్యంగా పడింది. రేకు మీద బొమ్మ దిగడానికి నిమిషాలు పట్టేది. అంతసేపు ఆగనివాళ్ల జాడే నిలవలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటున్న ఒకాయనా, చేస్తున్న మనిషీ మాత్రం మసకగా మిగిలారు. మరుసటి ఏడాది ఆ బొమ్మను చూసిన శామ్యూల్ మోర్స్ ఈ వింతనే ప్రత్యేకంగా రాశాడు. మనకు తెలిసినంతలో ఫొటోలో మనిషి కనిపించడం అదే మొదలు. గుంపులో మనిషి ఆనవాలు పోవడానికి గుంపు పెద్దదవడమే కారణం కాదు, కెమెరా కన్ను ఎంతసేపు తెరుచుకుని ఉందన్నదీ కారణమే.

కెమెరాకు వేగం వచ్చాక ముఖాలు దొరికాయి, పేర్లు దొరకలేదు. 1938 నుంచి 1941 దాకా వాకర్ ఎవాన్స్ కోటులో కెమెరా దాచుకుని న్యూయార్క్ సబ్‌వే ప్రయాణికులను వాళ్లకు తెలియకుండా తీశాడు. అవి పుస్తకంగా వచ్చేసరికి 1966 అయింది. ముఖం స్పష్టంగా ఉంటేనే మనిషికి గౌరవం అనుకునేవారు ఈ సంగతి గమనించాలి: అక్కడ ముఖం ఉంది, అనుమతి లేదు.

అలాగని ముఖాలు చెరిపేస్తే మనుషులను పొగగా మార్చినట్టే కదా అన్న అభ్యంతరం తేలిగ్గా తీసేయదగింది కాదు. సోవియట్ యూనియన్ కూలిన మరుసటి ఏడాది, 1992లో, అలెక్సేయ్ తితరెంకో సెయింట్ పీటర్స్‌బర్గ్ మెట్రో స్టేషన్ దగ్గర షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచి జనాన్ని తీశాడు. మెట్లెక్కే గుంపు ఆవిరిలా కరిగిపోయినా, కమ్మీ పట్టుకున్న చేతులు మిగిలాయి. ఆసరా వెతుక్కునే జనం స్థితిని ఆ చేతులే చెబుతాయి. అందులో ఎవరినీ ఫలానా అని గుర్తుపట్టలేం. ఈ ఫొటోలు నలుపు తెలుపుల్లో ఉండడం నాటి సాంకేతిక పరిమితి మాత్రమేనన్న వాదన డాగేర్‌కు చెల్లుతుంది. తితరెంకో కాలానికి రంగుల ఫిల్ము వచ్చేసింది. ఎర్ర కోటో పచ్చ శాలువానో కనిపిస్తే కన్ను ఆ ఒక్కరి దగ్గరే ఆగుతుంది. రంగు తీసేస్తే గుంపంతా ఒక్కటవుతుంది.

1995లో రఘు రాయ్ తీసిన ముంబయి చర్చ్‌గేట్ స్టేషన్ ఫొటోలోనూ ఆగినవాళ్లే మిగులుతారన్న సూత్రమే. పరుగెత్తే జనం మసకబారారు, కదలకుండా పత్రిక చదువుకుంటున్నవాళ్లు నిలిచారు. బూట్ల పాలిష్ దగ్గర ఆగిన ఆ పారిస్ మనిషి పేరులాగే, వాళ్ల పేర్లనూ ఫొటో చెప్పదు.