సగము ఎల్ఫు దొంగ యెట్లయ్యెను?

ఇంగ్లీషుభాషలోని యద్భుతకథలయందును, ఆ కథల ననుసరించి పుట్టిన పాత్రధారణక్రీడలయందును ‘హాఫ్ ఎల్ఫ్’, అనఁగా ‘సగము ఎల్ఫు’ అను పాత్రము మాటిమాటికిఁ గానవచ్చుచుండును. నలుగురైదుగురు బల్లచుట్టును గూర్చుండి, ఒక్కొక్కరొక్కొక్క పాత్రమును వహించి, పాచికలు వేయుచుఁ గథను నడుపుకొనుట యీ క్రీడయొక్క స్వరూపము. అందు సగము ఎల్ఫునకుఁ దల్లిదండ్రులలో నొకరు మానవులు, మఱియొకరు ఎల్ఫుజాతివారు. వాఁ డుభయకులములచేతను విడువఁబడి, మనోవ్యథతోఁ దిరుగుచు, తుదకు దొంగయగును. ఈ కల్పన యెంత వాడుకపడినదనఁగా, సంకరజన్మమునకును జోరవృత్తికిని స్వభావసిద్ధమగు సంబంధ మున్నట్లే పలువురు తలంచుచున్నారు. ఆ సంబంధము ప్రాచీనగ్రంథములయందుఁ గలదా, లేనిచో నెప్పుడు కలిగినది అను విషయ మిచటఁ బరిశీలింపఁబడుచున్నది.

ముందు శబ్దమును జూతము. ఎల్ఫుశబ్దము జర్మానికభాషల కెల్ల సామాన్యము. ఎల్ఫులు దేవతలును గారు, మనుష్యులును గారు. మన గంధర్వయక్షులవలె సౌందర్యమును, మాయాశక్తియుఁ గలవారు. ఆంగ్లరాజగు ఆల్ఫ్రెడ్ నామమునకు ‘ఎల్ఫుల యాలోచన’ యని యర్థము. జర్మనుభాషలోఁ బీడకలకు ‘ఆల్ప్‌ట్రౌమ్’ అని పేరు. అందలి పూర్వపదమును ఎల్ఫుశబ్దమే. రాజు బిడ్డకుఁ బెట్టుకొన్న పేరును, నిద్రలో గుండెలపైఁ గూర్చుండు భయమును నొక్క మాటనుండియే వచ్చినవి. శ్వేతార్థకమగు ధాతువునుండి దీనిని వ్యుత్పాదించువారు పెక్కండ్రు. అడాల్బర్ట్ కూన్ అను జర్మను పండితుఁడు 19వ శతాబ్దమున దీనిని మన ఋభుశబ్దముతోఁ బోల్చెను. భాషాశాస్త్రజ్ఞు లందఱును దీని నంగీకరింపరు. నాకును బూర్తిగా విశ్వాసము లేదు. అయినను సుధన్వుని పుత్రులగు ఋభువులు మర్త్యులై యుండి శిల్పనైపుణ్యముచే నమరత్వము నొందిరని ఋగ్వేదమునఁ గలదు గావున, అర్థసామ్యమును స్మరించుటలోఁ దప్పు లేదు.

ఇఁక ‘సగము’ అను మాట. సమాంశవాచియై నపుంసకమగు నర్ధశబ్దము అవయవితో సమసించునని పాణిని రెండవ యధ్యాయము రెండవ పాదము రెండవ సూత్రమునఁ జెప్పెను. అర్ధపిప్పలి యనఁగాఁ బిప్పలిలో సగము. ఆ రీతినే ‘సగము ఎల్ఫు’ అన్నచో, ఎల్ఫుశరీరమును నిలువునఁ గోసిన యొక చెక్క యని యర్థము రావలెను గాని, యిరువురకుఁ బుట్టిన యొక పూర్ణపురుషుఁడని రాదు. నార్సువారును ఇట్టి మాటలు వాడిరి. ఎగిల్ సాగాలో హాల్బ్యోర్న్ అనువానికి ‘సగము ట్రోల్’ అను నుపనామము గలదు. విచిత్ర మేమనఁగా, ఈ పాత్రమును ‘సగము మనుష్యుఁడు’ అని యెవ్వరు ననరు. లెక్క యెల్లప్పుడును బరాయిపక్షమునుండియే మొదలగును. పేరు పెట్టినవాఁడు మనుష్యుఁడు గదా.

ప్రాచీనకథలలో సంకరజన్మము గలవారిలో నిరువురు ముఖ్యులు. మొదటివాఁడు హోగ్ని. 13వ శతాబ్దమున నార్వేదేశమున వ్రాయఁబడిన తిద్రెక్ సాగాయం దీతని జన్మవృత్తాంత మున్నది. రాణి ద్రాక్షాసవము సేవించి యుపవనమున నిద్రించుచుండఁగా నొక పురుషుఁ డామెను జేరెను. చూపునకు మనుష్యుఁడేకాని వాఁడు ఎల్ఫు. ఆ గర్భమునఁ బుట్టిన హోగ్ని నాలుగేండ్లవాఁడై తోడిబాలురతో నాడుకొనుచుండెను. బలవంతుఁడు, మొండివాఁడు. ఆ బాలురు వానితో, నీ ముఖము ట్రోల్ ముఖమువలె నున్నది కాని మనుష్యుని ముఖమువలె లేదనిరి. వాఁడు కోపముతో నీటియొద్దకుఁ బోయి తన నీడను జూచుకొనెను. ముఖము నారవలెఁ బాలిపోయి, బూడిదవన్నెతో, భయంకరముగా నుండెను. అంతట వాఁడు తల్లికడ కేఁగి, నా శరీర మిట్లేల యున్నదని యడిగెను. ఆమె యున్నదున్నట్లు చెప్పెను.

నేఁటి క్రీడాకారులు తమ పాత్రములకుఁ గల్పించుకొను మనోవ్యథయంతయు నీ చిన్న ఘట్టమునందే యిమిడియున్నది. ఇచట గమనింపవలసిన దొకటి గలదు. బాలుఁడు తనంత తాను నీటిలోఁ జూచుకొనలేదు. ఇతరులు చెప్పిన పిమ్మటనే చూచుకొనెను. నీటిలో వానికిఁ గనఁబడినది వారి మాటయే. తరువాత వీఁడు సవతితమ్ముఁడగు గున్నార్ రాజునకుఁ గుడిభుజమై, సెలయేటియొద్ద నీరు త్రాగుచున్న సిగుర్డుని వెనుకనుండి యీఁటెతోఁ బొడిచి చంపెను. ఘోరకృత్యమే కాని చౌర్యము గాదు. ఇంచుమించుగా 1200 ప్రాంతమునఁ బుట్టిన నిబెలుంగెన్‌లీడ్ అను జర్మనుకావ్యములో నీ పాత్రమే హాగెన్ అను పేరఁ గనఁబడుచు, క్రీమ్‌హిల్డుయొక్క నిధిని గాజేసి రైన్‌నదిలో ముంచును. అచట వీఁడు ఎల్ఫుపుత్రుఁడు గాఁడు. ఎల్ఫుపుత్రుఁడైనచోట నిధిని గాజేయఁడు, నిధిని గాజేసినచోట ఎల్ఫుపుత్రుఁడు గాఁడు. రెండు గ్రంథములను గలిపికొని చదివి, చోరుఁడగు నర్ధఎల్ఫు మిగులఁ బ్రాచీనుఁడని సిద్ధాంతము చేయుట పాఠసాంకర్యమే యగును.

రెండవది స్కుల్డ్. రోల్ఫ్ క్రాకి సాగాలోని కథ యిది. చలికాలపుఁ బండుగరాత్రి డెన్మార్కురాజగు హెల్గియొద్దకుఁ జినిఁగిన బట్టలతో నొక స్త్రీ వచ్చి యాశ్రయము గోరెను. ఆమె శాపము తీఱి సుందరియగు ఎల్ఫుకాంతగా మాఱెను. వెడలునపుడామె, మనకు బిడ్డ కలుగును, మఱుసటి యేఁడు ఓడలసాలయొద్దకు వచ్చి తీసికొనుము, రానిచో నీవారు ఫల మనుభవింతురని చెప్పి పోయెను. రాజు మఱచిపోయెను. మూఁడేండ్ల తరువాత మువ్వురు మనుష్యు లొక బాలికను దెచ్చి యప్పగించిరి. ఆమెయే స్కుల్డ్. నార్సుభాషలో నీ శబ్దమునకు ‘ఋణము’ అని యర్థము. స్కుల్డ్ పెరిగి సామంతరాజు భార్యయై, తన సవతిసోదరుఁడగు రోల్ఫునకుఁ జెల్లింపవలసిన కప్పమును మూఁడేండ్లు నిలుపుదలచేయించి, ఆ ధనముతో సేనను గూర్చి, కప్పము తెచ్చుచున్నామను మిషతో వచ్చి సోదరుని జంపించెను. పేరు ఋణము, ఆయుధము చెల్లింపని కప్పము! కథకుఁడు తెలిసియే యీ పేరు పెట్టెనని నా యభిప్రాయము. వంచన యిందుఁ గలదు; కాని యది రాజ్యము కొఱకుఁ జేసిన వంచన. దానికి మూలము ఎల్ఫురక్తమని కథ చెప్పదు, తండ్రి మఱపని చెప్పుచున్నది.

ఈ ప్రాచీనసంప్రదాయమును జక్కఁగా నెఱిఁగిన టోల్కీన్ (1892–1973) ఆక్స్‌ఫర్డున ప్రాచీనాంగ్లభాషాచార్యుఁడు. 1954–55లలో వెలువడిన ఆయన మహాకథలో నుభయజాతిసంభవులు వ్యథితులును గారు, నింద్యులును గారు. వారికిఁ దమ జాతిని దామే యెన్నుకొను నధికార మొసఁగఁబడినది. ఎల్రోండ్ ఎల్ఫుజాతిని వరించి దీర్ఘజీవియయ్యెను. సోదరుఁడగు ఎల్రోస్ మానవత్వమును వరించి రాజై, అయిదువందలేండ్లు జీవించి మరణించెను. ఇదే గ్రంథకర్త 1937లో వ్రాసిన బాలకథలో దొంగ యొకఁడున్నాఁడు. వాఁడు ఎల్ఫు గాఁడు, బిల్బో యను హాబిట్. ఆ దొంగ ఎల్రోండు నింట నతిథియై గౌరవమందును. ఒకే కథలో నిరువురును గలసికొనియు వేఱువేఱుగానే యున్నారు.

ఇఁక క్రీడ. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువు రమెరికనులు 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను బ్రచురించిరి. మొదట నందు యోధుఁడు, మాంత్రికుఁడు, పురోహితుఁడు అను మూఁడు వృత్తులే యుండెను. 1975లో వెలువడిన ‘గ్రేహాక్’ అను ననుబంధమునఁ జోరవృత్తియు, సగము ఎల్ఫుజాతియు నొక్కసారిగాఁ జేర్పఁబడినవి. 1978 నాఁటి నియమగ్రంథములో జాతివృత్తుల పట్టిక యొకటి గలదు. మనుష్యునకు నే వృత్తియందును హద్దు లేదు. సగము ఎల్ఫు పురోహితుఁడైనచో 5వ మెట్టును, యోధుఁడైనను మాంత్రికుఁడైనను 8వ మెట్టును దాఁటరాదు. ఆ పట్టికలో వానికి హద్దులేని వృత్తులు రెండే: ద్రూయిడు అను వనపూజకుని వృత్తి యొకటి, చోరవృత్తి మఱియొకటి. పైఁగా జేబులు కత్తిరించుటలో నూటికి 10 పాళ్లు, నీడలలో దాఁగుటలో నూటికి 5 పాళ్లు వానికి హెచ్చు. న్యాయముగాఁ జెప్పవలసినచో, పూర్ణ ఎల్ఫులు మొదలగు తక్కిన జాతులకును జోరవృత్తి యట్లే తెఱచియుండెను. సగము ఓర్కునకు మాత్రము చౌర్యమునందును 8వ మెట్టే హద్దు. వానికి హద్దులేనిది హంతకవృత్తి. మనుష్యుఁడే క్రీడకుఁ గేంద్రముగా నుండవలెనని గైగాక్స్ ఉద్దేశము.

ఇట్టి పట్టిక మనకుఁ గ్రొత్తగాదు. మనుస్మృతి దశమాధ్యాయమున సంకరజాతులకు వృత్తులు విధింపఁబడినవి: సూతునకు రథాశ్వములు, అంబష్ఠునకు వైద్యము. పుట్టుక తెలిసినచో వృత్తి తెలియునను సిద్ధాంత మా పట్టికకును నీ పట్టికకును సమానము. భేద మొక్కటే: క్రీడాకారుఁడు బల్లనుండి లేచి యింటికిఁ బోవచ్చును, కర్ణునకు ‘సూతపుత్రుఁడు’ అను మాట కడదాఁక వెంటఁబడెను.

చోరపాత్రమునకు మూలము వేఱు. 1939లో ఫ్రిట్జ్ లైబర్ వ్రాసిన కథలోని గ్రే మౌసర్, 1966 నాఁటి జాక్ వాన్స్ గ్రంథములోని కుగెల్ అనువారు దానికి మాతృకలు. వీరు కత్తికిని నోటికిని బదునుగలవారు. వీరి చౌర్యమునకుఁ గులము కారణము గాదు. మన మృచ్ఛకటికలోని శర్విలకుఁడు బ్రాహ్మణుఁడై యుండి యజ్ఞోపవీతముతోఁ గన్నమును గొలుచుకొనెను. దశకుమారచరిత్రమందలి యపహారవర్మ రాజమిత్రుఁడై యుండి చంపానగరమున దొంగతనము చేసెను. కేతన దానిని దెనిఁగించి తిక్కన కంకితము చేసెను. మనవారు చౌర్యము నొక శాస్త్రముగాఁ జూచిరి, అది నేర్చినవానిది గాని పుట్టినవానిది కాదు.

1984లో మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ అనువారు వ్రాసిన ‘డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్’ అను నవలలోని టానిస్ వ్యథితుఁడగు సగము ఎల్ఫునకు నేఁటికిని నిదర్శనము. ఎల్ఫుకాంతను మనుష్యుఁడు బలాత్కరింపఁగాఁ బుట్టినవాఁడు; ఎల్ఫులయింటఁ బెరిగినవాఁడు; ఎల్ఫులకు మొలవని గడ్డమును బెంచుకొన్నవాఁడు; ఎల్ఫురాజకుమారికను, మానవస్త్రీని నొక్కమాఱే ప్రేమించి యెటును దేల్చుకొనలేనివాఁడు. కాని యీతఁడు యోధుఁడు, దొంగ గాఁడు. ఆ బృందములోఁ జేయి చుఱుకైనవాఁడు టాసిల్‌హాఫ్ అను కెండర్. వాఁడు భయమే యెఱుఁగఁడు, సదా నవ్వుచుండును. అనఁగా 1984 నాఁటికిని వ్యథ యొకనిది, చౌర్యము మఱియొకనిది.

ఈ రెంటిని గలిపినది ‘రోగ్’ అను శబ్దమని నా నిర్ణయము. ఈ మాట 16వ శతాబ్దమున నింగ్లీషులోఁ బుట్టినపుడు దొంగ యని యర్థము లేదు. యజమానియు, నిలువనీడయు లేక తిరుగు బిచ్చగాఁడని యర్థము. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులమని చెప్పుకొని బిచ్చమెత్తువారిని ‘రోజర్’ అనెడివారనియు, దానినుండియే యిది పుట్టియుండుననియుఁ గొందఱ మతము. పండితులు దీనిని నవ్వుచుఁ జదువుదురు గాక. 1597 నాఁటి యాంగ్లశాసన మిట్టివానిని రక్తము వచ్చునట్లు కొరడాతోఁ గొట్టి, వాఁడు పుట్టిన గ్రామమునకుఁ బంపవలెనని విధించెను. పుట్టినచోటు లేనివానిని, పుట్టినచోట నిలువనీయనివానిని ఎచటికిఁ బంపుదురు? సగము ఎల్ఫుస్థితి యచ్చముగా నిదియే. దేశదిమ్మరి యను పూర్వార్థము, వంచకుఁ డను నుత్తరార్థము నీ యొక్క పదమున నుండుటచే, ఇల్లులేనివాఁడే దొంగయను భ్రాంతి కవకాశము గలిగినది.

క్రీడాగ్రంథముల క్రమము దీనిని బలపఱచుచున్నది. 1989 నాఁటి రెండవకూర్పులో ‘రోగ్’ అనునది దొంగకును, గాథకుఁడగు బార్డునకును గలిపి పెట్టిన వర్గనామము. అందు సగము ఎల్ఫునకుఁ జోరవృత్తియందు 12వ మెట్టు హద్దు విధింపఁబడినది, హద్దులేనిది బార్డువృత్తి. 2000 నాఁటి మూఁడవకూర్పులో హద్దులన్నియుఁ దొలఁగింపఁబడి, ‘దొంగ’ అను వృత్తినామము పోయి ‘రోగ్’ అని మాఱినది. నియమమే కారణమైనచో, నియమము పోయిన పిమ్మట సగము ఎల్ఫులు దొంగతనము మానవలసినది. మానలేదు సరికదా, వ్యథితుఁడగు చోరుఁడే ప్రసిద్ధమగు మూసగా మిగిలెను.

2024లో వెలువడిన నియమగ్రంథమున సగము ఎల్ఫును, సగము ఓర్కును బ్రత్యేకజాతులుగాఁ బేర్కొనలేదు. ‘సగము’ అను మాటతో మొదలగు పేళ్లు జాతిద్వేషమును సూచించునని నిర్మాతల పక్షమున 2023లోనే చెప్పఁబడెను. వ్యాకరణదృష్టితోఁ జూచినను ఆ మాట సాధువు గాదని పైనఁ జూపితిని. దానిని విడుచుట యుచితమే. కాని మాటతోఁబాటు మనిషినిఁ గూడఁ గొట్టివేయుట నా కంతగా రుచింపలేదు. వేఱుపేరు పెట్టి నిలుపవచ్చును గదా; ఎల్ఫుపుత్రుఁడనినను జాలును, అందు తక్కువయుఁ గానరాదు, లెక్కయు రాదు. పూర్వపుఁ గూర్పుల ననుసరించి యాడువారు మాత్రము నేఁటికిని బల్లచుట్టును గూర్చుండి, తండ్రి యెవఁడో తెలియనివాఁడనియు, ముఖము కప్పుకొని తిరుగువాఁడనియు వ్రాసి, యా పాత్రమునే వహించుచున్నారు.