పడవ తర్వాత వచ్చిన ట్యూబు

మనిషి నీళ్ల మీదికి ఎట్లా వెళ్లాడన్న కథను పుస్తకాలు నిచ్చెనలాగా చెప్తాయి. కింది మెట్టు మీద సొరబుర్ర, దుంగ, గాలి నింపిన మేకతోలు. ఆ పైన తెప్ప. ఆ పైన పడవ. ఈ నిచ్చెనను ఓపిగ్గా కట్టినవాళ్లలో జేమ్స్ హార్నెల్ ఒకరు. మద్రాసు ప్రెసిడెన్సీలో చేపల శాఖ డైరెక్టరుగా పనిచేసినాయన. 1942లో తేలుడు సాధనాల మీద ఒక పెద్ద వ్యాసం, 1946లో 'వాటర్ ట్రాన్స్‌పోర్ట్' అనే పుస్తకం అచ్చువేశాడు. మన తీరాల పడవల గురించి అంత ప్రేమగా రాసిన ఇంగ్లీషు ఆఫీసర్లు తక్కువ. కానీ ఆ వ్యాసం ఉపశీర్షికలోనే తేలుడు సాధనాలకు 'ఆదిమ' అన్న ముద్ర వేశాడు. నా పేచీ అక్కడే.

కరీంనగర్‌లో లోయర్ మానేరు డ్యామ్ కట్ట మీద పొద్దున్నే నిలబడితే ఆ నిచ్చెన తలకిందులుగా కనిపిస్తుంది. లారీ ట్యూబు మీద ఒకాయన, థర్మాకోల్ పలకల తెప్ప మీద ఇంకొకాయన వలలు తీస్తుంటారు. ఈ రెండింటిలో ఏదీ ఆదిమం కాదు. బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నది 1888లో. థర్మాకోల్ జర్మనీ కెమిస్టుల చేతుల్లోంచి మార్కెట్లోకి వచ్చింది 1950లలో. పడవ పుట్టిన వేల ఏళ్లకు వచ్చిన వస్తువులివి.

గాలి మీద తేలడమైతే పాత సంగతే. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నిమ్రూద్ శిల్పాల్లో అస్సీరియా సైనికులు గాలి నింపిన తోళ్లను కరుచుకుని నది దాటుతుంటారు. క్రీస్తుపూర్వం 9వ శతాబ్దం నాటివి. మన దగ్గర సొరబుర్రలు, బెండ్లు నడుముకు కట్టుకుని బావుల్లో ఈత నేర్చుకున్న తరం ఇంకా ఉంది. వాళ్ల తర్వాత నేర్చుకున్న మాకు లారీ ట్యూబు. అయినా చేపల వేటకు ఊళ్లో ట్యూబుతో పెద్దగా పని ఉండేది కాదు. చెరువులో మోకాలి లోతునో, ఛాతీ లోతునో నిలబడి విసురువల వెయ్యొచ్చు. ఎండాకాలం నీళ్లు గుంజాక దిగి పట్టొచ్చు. మానేరు కూడా ఎండల్లో ఇసుక మధ్య మడుగులే. లోతు ఉన్నచోట, అంటే ప్రాణహిత మీద వేమనపల్లి లాంటి రేవుల్లో, నాటు పడవలుండేవి. అవి ముఖ్యంగా మనుషుల్ని అవతలి ఒడ్డుకు, మహారాష్ట్రకు చేర్చేవి.

ఏడాది పొడుగునా నిలిచే లోతు నీళ్లు ఇక్కడ కొత్త. 1958 వరదకే దెబ్బతిన్న కడెం ప్రాజెక్టు, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు, 1974లో మొదలై 1985కి పూర్తయిన లోయర్ మానేరు. ఈ చివరిదొక్కటే 24 టీఎంసీలు పట్టుద్ది. ఊళ్లు మునిగాయి, పొలాలకు కాలువలొచ్చాయి. ఆ చరిత్ర మనకు తెలుసు, నవలల్లోకీ ఎక్కింది. చెరువు లోతు మాత్రమే ఎరిగిన ముదిరాజులు, గంగపుత్రులు ఆ సముద్రమంత నీళ్లలోకి దేని మీద ఎక్కి వెళ్లాలన్నది మాత్రం ప్రాజెక్టు చరిత్రల్లో నా కంటికి ఆనలేదు. జవాబు పంచరు షాపులో దొరికింది. పడవ చేయించాలంటే డబ్బు కావాలి, దాన్ని ఒడ్డున కాపలా కాయాలి. ట్యూబైతే గాలి తీసి భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చు. హార్నెల్ దీన్ని పడవకు ముందటి మెట్టు అనేవాడేమో. ఇది డ్యాముకు తర్వాతి మెట్టు.

పోయిన చలికాలం ఒకాయన నన్ను మొదటిసారి తన ట్యూబు మీద కూర్చోబెట్టాడు. నడుమ తాళ్లు అల్లి, పైన చెక్క కట్టి ఉంది. కాళ్లు నీళ్లలో. చేతుల్లో రెండు పలక ముక్కలు, అవే తెడ్లు. నేను ఎడమ చేత్తో తోస్తే కుడికి, కుడి చేత్తో తోస్తే ఎడమకు తిరుగుతోంది తప్ప ముందుకు పోదు. ఆయన పక్కన ఈదుతూ, "కాళ్లు ఇడిసిపెట్టు తమ్మీ. నువ్వెంత కొట్టుకుంటే గది గంత తిరుగుతది" అన్నాడు. కాసేపటికి వల కట్టిన డబ్బా దగ్గరికి చేరాం. రెండు రవ్వులు, ఒక బంగారుతీగ. వల గుంజినప్పుడు ట్యూబు ఆ వైపు ఒరుగుతుంది, ఒళ్లంతా ఇటువైపు వాల్చాలి. ఆ ఒక్క ఒడుపుకే నాకు పొద్దంతా పట్టింది.

ఇంజినీరింగ్ చదివిన పాపానికి ఇంటికొచ్చి లెక్క కట్టాను. వలయం నడిమి వ్యాసం 80 సెంటీమీటర్లు, గొట్టం మందం 25 సెంటీమీటర్లు అనుకుంటే, ట్యూబు మొత్తం మునిగినప్పుడు 120 లీటర్లకు పైగా నీళ్లను తోస్తుంది. అంటే సుమారు 120 కిలోలు మోస్తుంది. 65 కిలోల మనిషి పోను వలకూ చేపలకూ చాలినంత మిగులుతుంది. లెక్కలో లోపం లేదు. కానీ గాలంతా ఒకే గదిలో ఉంది. ఒక తుమ్మముల్లు చాలు. అమెరికాలో 20వ శతాబ్దం తొలి సగంలో ఇదే టైరు ట్యూబుకు గుడ్డ సీటు కుట్టి సరదా వేటకు వాడారు. ఇప్పుడు అక్కడ అమ్మే వాటికి వేరువేరు గాలి గదులు, వీపుకు ఆనుడు, కాళ్లకు ఈతరెక్కలు, తడవని ప్యాంటు ఉంటాయి. ముందు పుట్టింది అదే ట్యూబు. దానికి భద్రత సరదా ఉన్నచోట చేరింది, బతుకుదెరువు ఉన్నచోట చేరలేదు. మనవాళ్లు థర్మాకోల్‌కు మళ్లడం వెనకా ఈ లెక్కే ఉంది. విరిగితే విరుగుతుంది గానీ థర్మాకోల్‌కు పంచరు పడదు.

రాష్ట్రం వచ్చాక, 2016-17 నుంచి చెరువుల్లోకీ రిజర్వాయర్లలోకీ ఉచితంగా చేపపిల్లల్ని వదులుతున్నారు. చేపలు అమ్ముకోవడానికి సబ్సిడీ మోపెడ్లు ఇచ్చారు. కేంద్ర పథకంలో ప్రమాదవశాత్తు చనిపోయిన మత్స్యకారుడి కుటుంబానికి 5 లక్షల బీమా ఉంది. నీళ్లలో పెరిగేదానికి, ఒడ్డు మీద తిరిగేదానికి, మునిగినవాడికి తలా ఒక పద్దు. నీళ్ల మీద కూర్చునేదాన్ని మాత్రం ఎవరికి వాళ్లే వెతుక్కుంటున్నారు.

ఈ మధ్య ఆ వెతుకులాటా కష్టమైంది. కొత్త లారీలకు, బస్సులకు ట్యూబ్‌లెస్ టైర్లు పెరుగుతున్నాయి. మంచి పాత ట్యూబు దొరకాలంటే నాలుగు పంచరు షాపులు తిరగాలని ఆయన అన్నాడు. ట్రాక్టరు వెనక చక్రానిది దొరుకుతుంది గానీ, అది మరీ పెద్దది, కూర్చుంటే చేతులు నీళ్లకు అందవు.