లోహమునకును అణువునకును నడుమ సంధి

అణు ఎలక్ట్రానిక్స్ చరిత్రను చెప్పువారు సాధారణముగా 1974లో అవిరామ్, రాట్నర్‌లు ఒక్క అణువే విద్యుత్తును ఒకే దిశకు పోనిచ్చు కవాటము కాగలదని ప్రతిపాదించుటతో నారంభించి, అణువునకే నాయకత్వ మొసగి, దానిని ఇరుప్రక్కల పట్టి నిలిపిన లోహపు కొనలను తెరవెనుకకు నెట్టివేయుదురు. ఈ క్రమము నాకు సమ్మతము గాదు. 1971లోనే మాన్, కూన్‌లు కొవ్వు ఆమ్లముల ఏకాణు పొరల గుండ విద్యుత్తును పంపి, పొర మందము పెరిగిన కొలది వాహకత్వము శీఘ్రముగా క్షీణించుటను గాంచిరి. ప్రయోగశాలలో కొలతకు చిక్కునది ఏనాడును ఏకాకియైన అణువు కాదు. లోహముతో దానికి గల సంధి.

వివాదమంతయు 1997 నాటి ప్రయోగము చుట్టు అల్లుకొన్నది. రీడ్, టూర్ ప్రభృతులు బంగారు తీగను మెల్లగ వంచి త్రెంచి, ఆ చీలికలో బెంజీన్ డైథయోల్‌ను గంధకపు కొసలతో నిలిపి వాహకత్వమును కొలిచిరి. అది సాహసకార్యమే, అయినను అచట నిలిచినది ఒక్క అణువేనని, అది ఇట్లే అతుకుకొన్నదని కన్నులార చూచినవారు లేరు. 2000లో డి వెంట్రా, పాంటెలైడిస్, లాంగ్‌లు గణించిన ప్రవాహము రేఖాకృతిలో ప్రయోగముతో పొసగినను, పరిమాణములో నూరు రెట్లకు మించి అధికమయ్యెను: ఆకృతిని అణువు నిర్ణయింపగా, పరిమాణమును సంధియందలి ఒక్కొక్క పరమాణువు శాసించునని వారు తేల్చిరి. మరుసటి యేట లిండ్సే బృందము, ఆక్టేన్ గొలుసునకు రెండు కొనలందును బంగారముతో రసాయనబంధ మున్నప్పటి కంటె, ఒక కొన ఊరక తాకియున్నప్పుడు నిరోధము కనీసము పదివేల రెట్లు హెచ్చునని చూపెను. అణువు స్వభావసిద్ధమైన స్విచ్చని కొనియాడబడిన వాహకత్వ చాంచల్యము బంగారు-గంధక బంధము విడిపోవుచు అతుకుచుండుట వలన కలుగునని 2003లో అదే బృందము వాదించెను. ఆ యేడే షు, టావోలు బంగారు మొనను వేలకొలది మారులు తాకించి లాగి, గణాంకములను సాక్ష్యమునకు పిలిచిరి. 2006లో వెంకటరామన్ బృందము గంధకమునకు బదులు అమైన్ కొసను వాడి, ఆ గణాంకములందు వాహకత్వపు విలువలు గుమికూడు శిఖరములను స్ఫుటము చేసెను. నా యెన్నికలో నిజమైన మలుపు ఇదియే.

నేటి స్థితిని మాత్రము సంకోచముతోనే మెచ్చుకొందును. సగటు స్పష్టమైనది కాని, ఏదో యొక సంధి ఎట్లు ప్రవర్తించునో ముందుగా చెప్పుట ఇంకను దుష్కరము. బిగించి పట్టుటయే అదుపని తలచుటయు పొరపాటే. 2011లో బంగారమును కార్బనుతోనే సూటిగా కలిపి వాహకత్వమును సుమారు నూరు రెట్లు పెంచిరి; కాని 2016లో పెకింగ్ విశ్వవిద్యాలయ బృందము, కాంతికి రూపు మార్చు అణువునకును గ్రాఫీన్‌నకును మధ్య మిథిలీన్ ఖండములను చొప్పించి, పట్టును సడలించిన పిమ్మటనే ఆ అణువు ఇరుదిశల మార్పునకు లోబడినది. వ్యాకరణమున వలెనే ఇచటను సంధి జరిగిన పిదప పూర్వరూపములు యథాతథముగా నిలువవు. ఎంత మార్పును అనుమతింపవలెనో నిర్ణయించు సూత్రము మాత్రము ఈ శాస్త్రమునకు ఇంకను కుదురలేదు.