వాడకట్టు కుక్క

“మీ కుక్కేనా అవ్వా?” అని అడిగాను, జగిత్యాల దగ్గర ఒక పల్లెలో, అరుగు కింద పడుకున్న ఎర్రకుక్కను చూపించి.

“మాదేంది బిడ్డా, వాడకట్టుది. నేనైతే ఇంత బువ్వేస్త, గంతే” అందావిడ.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. పిచ్చికుక్క కాటుతో మనిషి చేసిన పోరాటమంతా చివరికి ఆ మాట దగ్గరికే వచ్చి ఆగుతుంది మరి!

అసలు కథ 1885 జూలై 6న మొదలైంది. ఆల్సేస్ ప్రాంతంలో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌ని వెంటబెట్టుకుని, వాళ్లమ్మ పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి చేరింది. ఆయన టీకాతో పిల్లవాడు బతికి బట్టకట్టాడు. తర్వాత మన దేశంలోనూ 1900లో కసౌలిలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ జంతువుల మెదడు నుంచి మరో టీకా తయారుచేశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దలు భయపెట్టేవారే, అది ఇదే. ఆ భయానికే కాబోలు, ఎంతోమంది పసర్లనీ మంత్రాలనీ నమ్ముకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2005 నాటికి ఆ టీకాకు కాలం చెల్లింది. ఇప్పటి సూదులు చేతికే వేస్తారు. కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట సేపు కడిగి దవాఖానాకు పరుగెత్తాలి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక ఇక మందు లేనట్టే.

అంతకంటే తెలివైన పని, ముందే కుక్కకు టీకా వేయించడం. ఊళ్లో పది కుక్కలుంటే కనీసం ఏడింటికి వేస్తే జబ్బు వ్యాపించడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏటా జూలై 6న పశువుల దవాఖానాల్లో ఉచితంగా వేస్తారు కూడా. గొలుసు కట్టిన జాతికుక్కలు దర్జాగా వస్తాయి. కరీంనగర్ పల్లెల్లో గొర్రెలమంద వెంట తిరిగేవీ, ఆదిలాబాద్ గూడేల్లో చేలు కాసేవీ, ఏ ఇంటివీ కాని వాడకట్టు కుక్కలూ వస్తాయా? వాటిని తెచ్చేదెవరు?

ఆ ఏడు మా అవ్వను బతిమాలి బయల్దేరదీశాం. ఎర్రకుక్క ఇద్దరు మగవాళ్లకు చిక్కకుండా బడి చుట్టూ మూడు చుట్లు తిరిగింది. అవ్వ కొంగులోంచి అన్నం ముద్ద తీసి, “రా” అంది. అంతే, వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టింది. సూది ఎప్పుడు దిగిందో దానికే తెలియదు!

కార్డు రాస్తున్న కుర్రాడు, “యజమాని పేరు?” అన్నాడు.

అవ్వ కుక్క వంక చూసింది, నా వంక చూసింది.

“నా పేరే రాయి బిడ్డా” అంది.